పేచీ లేని డ్రాయింగ్

మార్చి పద్నాలుగో తారీకు అతనికి బాగా గుర్తు. ఆ రోజు సంఘం వార్షిక సమావేశంలో టమాటా సూపు, వేయించిన బంగాళదుంపలు, ఉడకబెట్టిన గుడ్లు, ఆఖర్న తలా ఒక నారింజపండు పెట్టారు. పండు సగం ఒలిచి, రసం మణికట్టు దాకా కారుతుండగా వేదిక మీద లాటరీ తీశారు. ఇంజనీర్ల వైపు నుంచి అతని పేరు వచ్చింది. ఆర్కిటెక్టుల వైపు నుంచి ఎవరో ఒకామె లేచి వచ్చింది. ఆమె చేతిలోనూ సగం ఒలిచిన నారింజే. అందరూ చప్పట్లు కొడుతుంటే ఇద్దరూ కరచాలనం చేశారు. చేతులు అతుక్కుపోయాయి.

"మొదటి రోజే ఇంత గట్టి జాయింటు వేశారు, మీరు నిజంగా ఇంజనీరే," అంది ఆమె, చెయ్యి విడిపించుకుంటూ.

అతనికి తగిన జవాబు తట్టింది. కాకపోతే ఆ రాత్రి పళ్లు తోముకుంటున్నప్పుడు తట్టింది.

సంఘమంటే వీధి చివర చందాలు పోగుచేసుకునే సంఘం కాదు. దేశం మొత్తం మీద ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ కలిపి ఉన్న ఒకే ఒక్క సంఘం. వెనకటికి రెండు సంఘాలుండేవట. ఒకరి మీద ఒకరు పత్రికల్లో రాసుకుని రాసుకుని, చేతులు నొప్పిపుట్టి, చివరికి ఒక కప్పు కిందికి చేరారు. చేరి ఏళ్లు గడిచినా భోజనాల దగ్గర మాత్రం ఇంజనీర్లు ఒక వైపు, ఆర్కిటెక్టులు ఒక వైపు కూర్చోవడం మానలేదు.

ఆ అలవాటు మాన్పించడానికి పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. సంఘం సొంత భవనంలో ఏ పని మొదలెట్టినా లాటరీ తీసి ఒక కుర్ర ఇంజనీరునీ ఒక కుర్ర ఆర్కిటెక్టునీ జత చేస్తారు. ఒకరి డ్రాయింగు మీద ఇంకొకరి సంతకం ఉంటే తప్ప మేస్త్రి పనిలోకి దిగడు. సంతకానికి ముందు ఎదుటివాళ్ల డ్రాయింగు చదవాలి. అభ్యంతరం ఉంటే అంచున రాయాలి. దీనికి సంఘం పుస్తకాల్లో జంట సంతకం అని పేరు. మెంబర్లు మాత్రం కాపురం పెట్టించడం అంటారు.

ఈసారి పని పై అంతస్తులో ఉన్న చదువుకునే గది. వయసు మళ్లిన మెంబర్లు ఉదయాన్నే వచ్చి పేపర్లు, పత్రికలు తిరగేసే చోటు. కప్పు పాతబడి కారుతోంది. పాతది తీసేసి కొత్త స్లాబ్ వేయాలి.

ఆమె మొదటి రోజే తేల్చి చెప్పింది. గదిలో పొడుగాటి బల్ల తూర్పు వైపు ఉంది కాబట్టి, దాని మీద కప్పులో ఒక కిటికీ కావాలి. అద్దం బిగించిన కన్నం. పొద్దుటి వెలుగు తిన్నగా బల్ల మీద పడాలి.

తూర్పు వైపు మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందని అతను చెప్పాడు. దాని పక్కనే కన్నం పెడితే ఆ బరువు మోయడానికి కింద ఒక స్తంభం లేవాలి. స్తంభం వద్దనుకుంటే కిటికీని పడమటికి జరుపుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

ఆమె రెండింటికీ ఒప్పుకోలేదు. కిటికీ తూర్పునే ఉండాలి, స్తంభం ఉండకూడదు.

"ఎందుకండీ అంత పట్టుదల?"

"వెలుగు పొద్దున వస్తుంది కాబట్టి."

"సాయంత్రం కూడా వస్తుందండీ."

"సాయంత్రానికి పేపరు పాతబడిపోతుంది," అని ఆమె పెన్సిలు చెవి మీద దోపుకుంది. ఇంకేదో చెప్పబోయి ఆగినట్టు అతనికి అనిపించింది గానీ, అడగలేదు.

అలా మొదలైంది. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. వారానికి రెండుసార్లు ఆ గదిలోనే కలిసేవారు. అతనిది నీలం పెన్సిలు, ఆమెది ఆకుపచ్చ. డ్రాయింగుల అంచులన్నీ నీలంతో, ఆకుపచ్చతో నిండిపోయేవి. ఒకసారి అతను గీసిన స్తంభం పక్కన ఆమె, 'ఇక్కడ కూర్చున్నవాళ్లు దీన్ని కౌగిలించుకుని పేపరు చదవాలి కాబోలు' అని రాసింది. కిందనే అతను, 'కౌగిలించుకోవడానికైనా ఏదో ఒకటి నిలబడి ఉండాలి కదండీ' అని రాశాడు. ఆ కాగితం చూసి సంఘం అటెండరు రెండు రోజులు తనలో తను నవ్వుకున్నాడు. వాళ్లిద్దరి వాదన ఎంతసేపు సాగినా టీ చల్లారకుండా కప్పుల మీద సాసర్లు బోర్లించి వెళ్లేది ఆ అటెండరే.

ఆమె అతన్ని స్తంభంగారూ అని పిలిచేది. అతను పైకి మేడమ్ అనేవాడు. ఫోనులో మాత్రం ఆమె నంబరు కిటికీ అన్న పేరుతో ఉండేది.

ఎప్పుడు మొదలైందో అతనికి తెలియదు. మంగళవారం మీటింగుకి సోమవారమే చొక్కా ఇస్త్రీ చేసుకోవడం ఒక రోజు తనకే కనిపించింది. అంచున రాసిన ఆకుపచ్చ అక్షరాలను అవసరానికి మించి చదువుతున్నాడని ఇంకో రోజు తెలిసింది. తను కొత్త స్తంభాన్ని ఎక్కడ గీస్తే ఆమెకు ఎక్కువ కోపం వస్తుందో ఆలోచించుకుంటూ బస్సు దిగాల్సిన చోట దిగకుండా పోయినప్పుడు, ఇక తనను తను మభ్యపెట్టుకోవడం మానేశాడు.

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె కప్పు డ్రాయింగు తెచ్చింది. దీపాలు, ఫ్యాన్లు, కిటికీ అన్నీ ఉన్న ఆఖరి డ్రాయింగు. బయట వాన కురుస్తోంది. ఆమె తడిసిన జుట్టును చెవి వెనక్కి తోసుకుంటూ బల్ల మీద కాగితం పరిచి కూర్చుంది. కళ్ల కింద నీడలున్నాయి. ఎప్పటిలా పెన్సిలు చెవి మీద లేదు.

అతను కాగితం చూశాడు. ద్వారం గుర్తు పైన ఉంది. ఎక్కడా స్తంభం లేదు. కిటికీ కుడి వైపు ఉంది. ద్వారం గుర్తును దక్షిణాన ఉన్న గది ద్వారం వైపుకి తిప్పుకుని చూసుకుంటే కుడి అంటే పడమర.

అతని మనసు చివుక్కుమంది, తర్వాత మెత్తబడింది. ఇన్ని వారాలు పట్టిన పట్టు ఆమె విడిచిపెట్టింది. తన మాట మన్నించి కిటికీని పడమటికి జరిపింది. ఓడిపోయినవాళ్లను గుచ్చి అడగడం ఏం మర్యాద అనుకున్నాడు. అంచున ఏమీ రాయలేదు. సంతకం పెట్టాడు.

అతను పెన్సిలు పట్టకుండా సంతకం పెట్టడం చూసి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అతను ఇనుప కడ్డీల డ్రాయింగు ముందుకు జరిపితే, అందులో ఉన్న గీతల అడవిని ఒక్కసారి పైపైన చూసి, తనూ సంతకం చేసింది.

"థ్యాంక్స్," అంది నెమ్మదిగా. "మీరు ఒప్పుకోరనుకున్నాను."

"నేనే చెప్పాలి మీకు థ్యాంక్స్," అన్నాడు అతను.

ఆ సాయంత్రం భవనం మెట్ల మీద వాన వెలిసేదాకా ఇద్దరూ నిలబడ్డారు. గొడుగు ఒక్కటే ఉంది, అది అతనిది. దాన్ని తెరవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. స్తంభాల సంగతి గానీ కిటికీల సంగతి గానీ ఎత్తలేదు. ఆమెకు చిన్నప్పుడు ఇటుక పొడితో నేల మీద ఇళ్లు గీయడమంటే పిచ్చట. అతను ఆ ఇళ్లు కూలకుండా చూసే రకం పిల్లాడినని చెప్పాడు. ఆమె నవ్వింది. వాన తగ్గాక కూడా కాసేపు తగ్గనట్టే నిలబడ్డారు.

మర్నాడు ఆమె ఊరెళ్లింది. ఇంటి పని, కొన్ని వారాలు పట్టొచ్చు, స్లాబ్ పోసేయండి అని మెసేజి పెట్టింది. అతను స్లాబ్ పోయించాడు. దగ్గరుండి నీళ్లతో తడిపించాడు. రోజుకోసారి మేడ ఎక్కి, ఆమె కిటికీ అంచులు చేత్తో తడిమి చూసి దిగేవాడు. మేస్త్రి ఒకసారి, కాంక్రీటుకి దిష్టి తగులుతుంది సార్, అంతలా చూడకండి అన్నాడు.

స్లాబ్ కింద ఆనించిన చెక్కలు విప్పిన వారానికి ఆమె వచ్చింది. ఒంటరిగా రాలేదు. తెల్లటి జుట్టు, నల్ల కళ్లద్దాలు, నలగని చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. మా నాన్న అని పరిచయం చేసింది. ఆయన కూడా ఆర్కిటెక్టే, సంఘంలో పాత మెంబరు. కంటికి ఆపరేషన్ అయింది. అందుకే ఊరెళ్లారు. ఒక కన్ను ఇక రాదు. రెండో కంటికి మంచి వెలుగు సూటిగా పడితే అక్షరాలు కనిపిస్తాయని డాక్టరు చెప్పాడు. ఇంట్లో తూర్పు వైపు పక్కింటి గోడ. భార్య పోయాక ఆయనకు మిగిలిన ఒకే ఒక్క అలవాటు పొద్దున్నే ఈ గదికి వచ్చి పేపరు చదవడం.

ఆమె ఇవన్నీ అప్పుడు చెప్పింది. అంతకు ముందు ఎందుకు చెప్పలేదంటే, జాలితో ఒప్పుకుంటే తనకు నచ్చదట.

అది మంచి ఎండ కాసే ఉదయం. అతను గర్వంగా గది తలుపు తెరిచాడు. బల్ల మీద చీకటి. గదికి అవతలి మూల, పడమటి గోడ పైభాగంలో మాత్రం పాలిపోయిన వెలుగు ముక్క ఒకటి వేలాడుతోంది.

ఆమె కదలలేదు. పెద్దాయన తన కుర్చీని చేత్తో వెతుక్కుని కూర్చుని, ముఖం పైకెత్తి, కాసేపు ఇటూ అటూ తిప్పాడు.

"బాగుందమ్మా," అన్నాడు. "సాయంత్రం పూట వచ్చి చూద్దాంలే."

ఆ మాట వినగానే ఆమె ముఖం పాలిపోయింది. అతన్ని వరండాలోకి రమ్మంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"నేను ఊళ్లో లేనిది చూసుకుని మీకు కావలసిన చోటే పెట్టించుకున్నారు. వాదించి గెలిస్తే ఒప్పుకునేదాన్నండీ."

"మీ డ్రాయింగులో ఎక్కడ ఉందో అక్కడే పెట్టించాను."

"నా డ్రాయింగులో తూర్పున ఉంది."

"లేదండీ, పడమరే ఉంది."

"అబద్ధం కూడా ఎందుకు?" అని ఆమె లోపలికెళ్లి తండ్రి చెయ్యి అందుకుంది. మెట్లు దిగుతూ ఆ పెద్దాయన ఒక్కసారి వెనక్కి తిరిగి, శ్రమపడ్డావు బాబూ, థ్యాంక్స్ అన్నాడు. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే ఆమె జత మార్చమని సంఘానికి రాసింది. వార్త మెంబర్లందరికీ పాకింది. మళ్లీ భోజనాల బల్లలు రెండు వైపులయ్యాయి. ఇంజనీరు మోసం చేశాడని అటు, ఆర్కిటెక్టు తన తప్పు ఎదుటివాడి మీదకు నెట్టిందని ఇటు. ఈ జంట సంతకం గోల ఎత్తేస్తే సరి అని రెండు వైపులా. అతనికి వాటిలో ఏదీ పట్టలేదు. ఆమె తనను అబద్ధాలకోరు అనుకుంటోంది. అదొక్కటే గుండెల మీద రాయిలా కూర్చుంది.

విచారణ ఆ గదిలోనే పెట్టారు. సంఘం అధ్యక్షురాలు ముప్ఫై ఏళ్లు వంతెనలు కట్టిన ఇంజనీరు. అందరూ ఆవిడను వంతెనమ్మ అంటారు, ఆవిడ కూడా ఆ పేరుకి పలుకుతుంది. రెండు పక్కలా మెంబర్లు నిలబడ్డారు. పెద్దాయన తన కుర్చీలో కూర్చున్నాడు.

వంతెనమ్మ ఇద్దరినీ ఏమీ అడగలేదు. కప్పు డ్రాయింగు కాపీ ఒకటి ఆమెకు, ఒకటి అతనికి ఇచ్చింది. గది మధ్యలో నిలబడి, ద్వారం గుర్తును ద్వారం వైపుకి తిప్పి, కిటికీ ఎక్కడుందో వేలితో చూపించమంది.

అతను వంగి కాగితాన్ని నేల మీద పరిచాడు. ద్వారం గుర్తు ద్వారం వైపుకి తిప్పాడు. వేలు పడమటికి చూపించాడు.

ఆమె కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తి, తల మీద గొడుగులా పట్టుకుని, వెనక్కి వాలి కింది నుంచి చూసింది. ద్వారం గుర్తు ద్వారం వైపే ఉంది. వేలు తూర్పుకి చూపించింది.

వంతెనమ్మ తను చూసింది చూసినట్టు పైకి చెప్పింది. నేల మీద చూసినప్పుడు కుడి పడమర. తల మీద పట్టుకుని చూసినప్పుడు అదే కుడి తూర్పు. ఒకే కాగితం, ఒకే గీత. ముందుగా నవ్వింది పెద్దాయన.

"తప్పు నాదేనమ్మా. కప్పు గీయాలంటే వెల్లకిలా పడుకుని చూసినట్టు గీయాలని దీనికి చిన్నప్పుడు నేర్పింది నేనే. మా కాలంలో ఆర్కిటెక్టులు అలాగే గీసేవాళ్లం. కింద నుంచి చూసినది అని ఒక మూల రాసేవాళ్లం కూడా. ఆ సంగతి నేర్పడం మర్చిపోయినట్టున్నాను."

"మేం ఇంజనీర్లం ఎప్పుడూ పైనుంచే చూస్తాం," అని ఎవరో గొణిగారు. "అది తెలుస్తూనే ఉంది," అని అవతలి వైపు నుంచి జవాబు వచ్చింది. రెండు వైపులా నవ్వులు లేచాయి.

ఆమె నవ్వలేదు. చేతుల్లో కాగితం అలాగే పట్టుకుని అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కరిగిపోతూ, దాని చోట ఏం పెట్టాలో తెలియని తడబాటు కనిపించింది.

వంతెనమ్మ పాత డ్రాయింగుల కట్ట విప్పింది. ఒక్కొక్కటీ తిప్పుతూ వెళ్లింది. నీలం, ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ. కౌగిలించుకోవడం గురించి రాసిన చోట కాసేపు ఆగి, కళ్లజోడు సర్దుకుని, ముందుకు పోయింది. ఆఖరికి కప్పు డ్రాయింగు దగ్గరికి వచ్చింది. అంచులు తెల్లగా ఉన్నాయి.

"తలుపు గడియకి కూడా పేచీ పెట్టుకున్నారు మీరు. ఇన్నిట్లో పేచీ లేని డ్రాయింగు ఇదొక్కటే, తప్పు జరిగిందీ ఇందులోనే. ఒక్క మాట అడిగి ఉంటే బయటపడేది. ఎందుకు అడగలేదయ్యా?"

అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు. "నా కోసం మేడమ్ తన పట్టు వదులుకున్నారనుకున్నానండీ. అలాంటప్పుడు అడగబుద్ధి కాలేదు."

"నువ్వమ్మా? ఇనుము డ్రాయింగులో కన్నం పడమరే ఉంది. ఎందుకు చూడలేదు?"

ఆమె చాలాసేపు కాగితం అంచు మడతపెట్టింది. "ఆయన వదులుకున్నారనుకున్నాను," అంది చివరికి. ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

మెంబర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. దేశం మొత్తం మీద పేరుమోసిన ఇంజనీర్లూ ఆర్కిటెక్టులూ ఉన్న ఆ గదిలో ఆ లెక్క అర్థం కానివాళ్లు ఎవరూ లేరు, ఆ ఇద్దరూ తప్ప. వంతెనమ్మ కట్ట కట్టేసింది. తప్పు ఇద్దరిదీ, కాబట్టి సరిదిద్దడం ఇద్దరి పనీ, జత మార్చేది లేదు, ఈ నెలాఖరుకి కొత్త డ్రాయింగు తెండి అని లేచింది. వెళ్తూ వెళ్తూ, ఈసారి పేచీ పెట్టుకునే తెండి అంది.

ఆమె తండ్రిని తీసుకుని వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర సారీ అన్నట్టే వినిపించింది అతనికి. సరిగ్గా వినలేదేమోనని ఇల్లు చేరేదాకా బెంగపడ్డాడు.

తర్వాత పది రోజులు అతనికి ఆ డ్రాయింగు తప్ప వేరే లోకం లేదు. పడమటి కన్నం అలాగే ఉంచి, తూర్పున స్లాబ్ కోసి ఇంకో కిటికీ పెట్టాలి. ఆమె అడిగినట్టే, స్తంభం లేకుండా. లెక్క కుదరదు. మళ్లీ వేస్తాడు. ట్యాంకు కింద రెండు లోతైన బీములు వేసి, ఎలాగోలా కుదిర్చాడు. ఆ సంతోషంలో ఫోను చేసి చెప్పడం కూడా మర్చిపోయి, చుట్టిన కాగితం చంకన పెట్టుకుని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాడు.

తలుపు పెద్దాయన తీశాడు. అడుగు చప్పుడు బట్టే గుర్తుపట్టి, రా బాబూ అన్నాడు. ముందు గదిలో ఆమె బల్ల మీదకు వంగి ఏదో గీస్తోంది. పెన్సిలు చెవి మీద ఉంది. అది చూడగానే అతనికి సగం ప్రాణం లేచొచ్చింది.

"స్తంభం లేకుండా కుదిరిందండీ," అని కాగితం పరిచాడు.

ఆమె తన కాగితం పక్కన పెట్టింది. అందులో తూర్పు కిటికీ పక్కన సన్నటి స్తంభం ఒకటి నిటారుగా నిలబడి ఉంది. దాని చుట్టూ పేపర్లు పెట్టుకునే అర, చిన్న దీపం. కింద ఒక మూల పెద్ద అక్షరాలతో, 'కింద నుంచి చూసినది' అని రాసి ఉంది.

ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారు.

"స్తంభం వద్దన్నారు కదండీ," అన్నాడు అతను.

"మీరేగా కావాలన్నారు."

"వద్దు, మీకోసం ఈ బీములు వేశాను."

"ఆ బీములు ఇంత కిందికి దిగితే వాటి నీడ సూటిగా బల్ల మీదే పడుతుంది. మళ్లీ చీకటే. నా స్తంభమే బాగుంది."

"మీ స్తంభమా? అది మొదట గీసింది నేను."

"అయితే ఇప్పుడెందుకు కాదంటున్నారు?"

వాదన సాగింది. అతను ఆకుపచ్చ పెన్సిలు లాక్కుని ఆమె స్తంభం మీద గీత కొట్టబోయాడు, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దాయన కుర్చీలో కూర్చుని, రేడియో వింటున్నంత హాయిగా విన్నాడు. చివరికి మెల్లగా దగ్గాడు.

"నాకు స్తంభమే కావాలర్రా. చెయ్యి చాపితే అది తగిలిందనుకో, నా కుర్చీ పక్కనే ఉందని తెలిసిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు."

అతను తన కాగితం చుట్టేశాడు. ఆమె స్తంభం పక్కన అతను నీలం పెన్సిలుతో కొలతలు వేశాడు. అది కింది అంతస్తు గోడ మీదకే దిగుతుంది, భయం లేదు. ఒక చోట ఆమె గీసిన అర మరీ ఎత్తుగా ఉందని అంచున అభ్యంతరం రాశాడు. పెద్దాయన చెయ్యి అందాలి కదా. ఆమె చెరిపి కిందికి గీసింది. అప్పుడు సంతకాలు పెట్టారు.

వెళ్లొస్తానని లేచి, చెప్పులు తొడుక్కుంటూ, సార్, ఉంటానండీ అన్నాడు.

"నన్ను సార్ అనేవాళ్లు సంఘంలో చాలామంది ఉన్నారయ్యా," అన్నాడు పెద్దాయన. "నువ్వు ఇంకేదైనా పిలుపు చూసుకో."

ఆమె గుమ్మం దాకా వచ్చింది. బయట సన్నటి తుంపర. వీధి దీపం వెలుగులో అది పడుతున్నట్టు కూడా లేదు, గాల్లో వేలాడుతున్నట్టుంది. ఇద్దరూ మెట్ల మీద నిలబడ్డారు.

"మీరు అబద్ధం చెప్పారన్నాను," అంది ఆమె. "ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది."

"నేనూ మీ డ్రాయింగు సరిగ్గా చూడలేదు కదండీ. ఆ రోజు మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. నేను ఆ రోజొక్కటే కాదు, అంతకు ముందు కూడా..."

"అంతకు ముందు కూడా?"

"కాగితాలు చదివాను. కానీ మీ పేచీల కోసమే చదివాను."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి పంటితో పట్టుకుంది. "అయితే ఒక మాట విను. ఇకమీదట నాతో పేచీ పెట్టుకోకుండా దేనికీ ఒప్పుకోకు. నేను అలసిపోయినట్టు కనిపించినా, వాన కురుస్తున్నా, జాలి వేసినా సరే. నాకు నచ్చనిది నేను చెప్తాను, నీకు నచ్చనిది నువ్వు చెప్పు."

నువ్వు అన్న మాట అతను మెల్లగా, తీపి వస్తువు బుగ్గన పెట్టుకున్నట్టు లోపలే చప్పరించాడు.

"దేనికీ ఒప్పుకోకూడదా?"

"ఒక్కదానికి ఒప్పుకోవచ్చు."

"దేనికి?"

"అడగందే ఎలా తెలుస్తుంది? నువ్వు ఇంజనీరువి, అడిగి తెలుసుకోవాలి."

అతను అడిగాడు. ఎలా అడిగాడో తర్వాత ఇద్దరూ రెండు రకాలుగా చెప్పేవారు. అతను మాత్రం సూటిగా, నన్ను పెళ్లి చేసుకుంటావా అన్నానంటాడు. ఆమె లెక్క ప్రకారం అందులో మూడుసార్లు 'అంటే' ఉంది, ఒకసారి 'మీకు ఇబ్బంది లేకపోతే' ఉంది.

ఆమె అతని ముఖాన్ని ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి, తొందర లేకుండా చూసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడతను.

"చదువుతున్నాను. ఈసారి చదవకుండా సంతకం పెట్టను," అంది. తర్వాత, "సరే," అంది. చాలా చిన్న మాట. తుంపర చప్పుడుకే మునిగిపోయేంత చిన్నది. అతనికి మాత్రం స్పష్టంగా వినిపించింది.

వెంటనే పేచీ మొదలైంది. ఈ ఏడాదే చేసుకుందామని అతను. గది పూర్తయి నాన్న మొదటి పేపరు చదివాకే అని ఆమె. గది ఈ ఏడాదే పూర్తవుతుంది కదా అని అతను. మీ మేస్త్రి సంగతి నాకు తెలుసని ఆమె. పెళ్లయ్యాక నాన్న ఇక్కడ ఒక్కడే ఉండడానికి వీల్లేదని ఆమె అంటే, నేను అలా అన్నానా, ఆయన లేని ఇంట్లో నేనుండనని అతను. ఇద్దరి గొంతులూ లేచాయి, నవ్వులూ లేచాయి.

లోపల పెద్దాయన చెప్పుల చప్పుడు వినిపించింది. ముందు గది దాకా వచ్చాడు. మెట్ల మీద దీపం వేసి, అది వెలిగిందో లేదో అన్నట్టు ముఖం ఒకసారి అటు తిప్పాడు. గోడ వెంట చెయ్యి పెట్టుకుని తన గదిలోకి నడిచి, వాళ్ల మాటలకు అడ్డం రాకుండా, గడియ చప్పుడు కూడా కానివ్వకుండా తలుపు మెల్లగా దగ్గరకు వేసుకున్నాడు.